1500 మీటర్లలో ఎప్పుడూ నాలుగో స్థానమే. ఇప్పుడు చెరువుల్లో, సముద్రంలో ఈదుతానంటోంది. దీంట్లో లైఫ్ ఉందా?

హనుమకొండ_నాన్న
మా అమ్మాయికి పదహారేళ్లు. ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. ఏడో ఏట నుంచి ఈతకు పోతోంది. రాష్ట్ర పోటీల్లో 1500 మీటర్ల ఫ్రీస్టైల్‌లో మూడేళ్లుగా నాలుగో స్థానం. మూడోది రాదు, ఐదోది కాదు. బెస్ట్ టైమ్ 20 నిమిషాల 40 సెకన్లు. మొన్న కోచ్ పిలిచి "పూల్‌లో ఈమెకు స్పీడ్ చాలట్లేదు, దమ్ము మాత్రం బాగా ఉంది. ఓపెన్ వాటర్‌కు మార్చండి" అన్నాడు. అంటే చెరువు, నది, సముద్రం. 5 కిలోమీటర్లు, 10 కిలోమీటర్లు, ఆ పైన ఎంతైనా.

అప్పటి నుంచి ఇంట్లో ఒకటే లొల్లి. పిల్ల ఇంగ్లిష్ చానల్ మ్యాప్ ప్రింట్ తీసి బీరువాకు అంటించింది. వాళ్లమ్మ సరిగ్గా దాని మీదే వేంకటేశ్వరస్వామి క్యాలెండర్ తగిలించింది. నాది చిన్న ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. ఈత గురించి నాకు తెలిసింది మా ఊరి బాయిలో దుంకుడు ఒక్కటే.

ఈ దూరపు ఈతలో కెరీర్ అనేది ఉందా? ఉంటే ఎన్నేళ్లు ఉంటుంది, ఏం మిగులుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి. ధైర్యం చెప్పకండి, విషయం చెప్పండి.

పాకాల_మొసలి
మా చెరువుకు పంపండి సార్. కోచింగ్ ఉచితం. స్పీడ్ దానంతట అదే వస్తుంది.

ర్యాంకుల_రావు
ఫస్టియర్ ఎంపీసీ అంటున్నారు. ఎప్‌సెట్‌కు ఏడాదిన్నర కూడా లేదు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు నీళ్లలో ఉంటే ఇంటిగ్రేషన్ ఎవరు చేస్తారు? హాబీగా ఉంచండి, చాలు.

మానేరు_చేప
కరీంనగర్ వాడిని. ఎనిమిదేళ్లు ఇదే పని చేశాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఒక ముడి విప్పాలి. మీ కోచ్ చెప్పేది ఒకటి, మీ పాప బీరువాకు అంటించింది ఇంకొకటి. అందరూ రెండూ ఒకటే అనుకుంటారు.

ఒకటి రేసు. 10 కిలోమీటర్ల మారథాన్ స్విమ్మింగ్. 2008 బీజింగ్ నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కూడా పెట్టారు. ప్రపంచ పోటీల్లో 5, 10 ఉన్నాయి. 25 కిలోమీటర్లది 2022 తర్వాత తీసేశారు, బదులుగా 2025లో 3 కిలోమీటర్ల నాకౌట్ తెచ్చారు. అంటే ఆట రోజురోజుకూ పొట్టిగా, వేగంగా మారుతోంది. ఇక్కడ పక్కన పాతికమంది ఉంటారు, మోచేతులు మొహానికి తగులుతాయి, చివర్లో టచ్ ప్యాడ్‌ను చేత్తో కొట్టాలి.

రెండోది దాటడం. ఇంగ్లండ్-ఫ్రాన్స్ మధ్య ఇంగ్లిష్ చానల్, మనకూ శ్రీలంకకూ మధ్య పాక్ జలసంధి, స్పెయిన్-మొరాకో మధ్య జిబ్రాల్టర్. అక్కడ మీకు పోటీ ఎవరూ ఉండరు. నీళ్లు, చలి, టైడ్ (ఆటుపోట్లు). ఎంతసేపైనా ఈదు, అవతలి గట్టు ఎక్కితే గెలిచినట్టు. మిహిర్ సేన్ 1958లో చానల్ దాటింది 14 గంటల 45 నిమిషాల్లో. ఆరతీ సాహా 1959లో 16 గంటల 20 నిమిషాల్లో. ఆసియా ఆడవాళ్లలో ఆమే మొదలు.

ఇప్పుడు కొంచెం చేదు మాట. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో గెలిచిన షారన్ వాన్ రౌవెండాల్ 10 కిలోమీటర్లు 2 గంటల 3 నిమిషాల చిల్లరలో కొట్టింది. లెక్క వేయండి. కిలోమీటర్‌కు 12 నిమిషాల 20 సెకన్లు. అదే వేగంతో 1500 అయితే పద్దెనిమిదిన్నర నిమిషాలు. మీ పాప ప్రాణం పెట్టి ఒక్క 1500 కొట్టేది 20:40లో. ఆమె అలాంటివి ఆరున్నర, ఆగకుండా, పద్దెనిమిదిన్నరలో కొట్టింది. "స్పీడ్ లేదు కాబట్టి ఓపెన్ వాటర్" అనే మాట పాతికేళ్ల కింద చెల్లేది. ఇప్పుడు చెల్లదు.

హనుమకొండ_నాన్న
ఆ లెక్క మూడుసార్లు వేసుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు. అయితే కోచ్ మమ్మల్ని ఊరికే పక్కకు నెట్టాడంటారా?

మాజీ_బ్రెస్ట్‌స్ట్రోక్
మానేరు_చేప చెప్పింది సగమే నిజం. పారిస్ రేసు జరిగిన సీన్ నదిలో సగం దారి వాలుకు, సగం దారి ఎదురు. పూల్ టైమ్‌తో పోల్చి పిల్లను భయపెట్టడం ఏం న్యాయం? నది వేరు, పూల్ వేరు. పూల్‌లో ప్రతి 50 మీటర్లకు గోడ తన్ని కొంచెం రెస్ట్ తీసుకుంటారు. బయట గోడ ఉండదు. మలుపులు బాగా కొట్టేవాడు అక్కడ తేలిపోతాడు. ముందున్నవాడి కాళ్ల దగ్గర ఈదితే నీళ్లు లాగుతాయి, చాలా బలం మిగులుతుంది. ఎవరి వెనక పడాలి, ఎప్పుడు బయటికి రావాలి, అదంతా బుర్ర పని.

2008లో మగవాళ్ల తొలి ఒలింపిక్ స్వర్ణం ఎవరికి వచ్చింది? మార్టెన్ వాన్ డెర్ వైడెన్‌కు. లుకేమియా నుంచి బయటపడ్డ మనిషి. చివరి దాకా గుంపులో దాక్కుని ఆఖర్న బయటికి వచ్చాడు.

మానేరు_చేప
అన్నా, అది 2008. 2012లో గెలిచిన మెల్లూలీ అదే ఒలింపిక్స్‌లో 1500లో కాంస్యం కొట్టాడు. టోక్యోలో వెల్‌బ్రాక్ కూడా అంతే, 1500లో కాంస్యం, 10 కిలోమీటర్లలో స్వర్ణం. పూల్‌లో ఫాస్ట్‌గా ఉన్నోళ్లే బయట గెలుస్తున్నారు. నేను పిల్లను వద్దనట్లేదు. పూల్ వదలొద్దంటున్నా. 20:40ని 19 లోపుకు తెచ్చే పని పూల్‌లోనే జరగాలి. ఓపెన్ వాటర్ దాని పైన.

మాజీ_బ్రెస్ట్‌స్ట్రోక్
సరే, ఆ మాట ఒప్పుకుంటా. ముందే అట్ల చెప్తే అయిపోయేది కదా, ఆయన నిద్ర ఎందుకు చెడగొట్టినవ్.

కాజీపేట_జంక్షన్
నేను స్పోర్ట్స్ కోటాలో రైల్వేకు వచ్చినవాడిని. (ఈత కాదు, కబడ్డీ.) కెరీర్ అంటే మన దగ్గర ఉద్యోగమే కాబట్టి ఆ సంగతి చెప్తా.

కోటాలో చూసేది కాగితం. కేంద్ర ఉద్యోగాలకు ఫారం 1 అంటే దేశం తరఫున ఆడినట్టు, ఫారం 2 అంటే రాష్ట్రం తరఫున నేషనల్స్ ఆడినట్టు, ఫారం 3 యూనివర్సిటీ, ఫారం 4 స్కూల్ నేషనల్స్. మన రాష్ట్రంలో కూడా 2 శాతం స్పోర్ట్స్ రిజర్వేషన్‌కు ఇలాంటి ఫారాలే. మొదటి రెండింటి మీద గుర్తింపు ఉన్న ఫెడరేషన్‌దో, దాని రాష్ట్ర సంఘానిదో సంతకం పడాలి. ఈతకు ఆ ఫెడరేషన్ ఉంది, ఈత లిస్టులో ఉంది. కాబట్టి రాష్ట్రంలో నాలుగో స్థానం అయినా సరే, రిలే జట్టులో చోటు దొరికి నేషనల్స్‌కు పోతే ఆ కాగితం విలువ వేరు.

సొంత పైసలతో సముద్రం దాటి వచ్చాక పేపర్లో ఫొటో వస్తుంది, శాలువా కప్పుతారు. ఆ ఫారం మాత్రం రాదు. దాటేవాళ్లకు ఉన్న పెద్ద గుర్తింపు టెన్జింగ్ నార్గే సాహస పురస్కారం. అందులో నీటి సాహసాలకు వేరే విభాగం ఉంది. 'ఓషన్స్ సెవెన్' అనే పేరున్న ఏడు జలసంధులూ దాటిన తొలి భారతీయుడు, పుణెకు చెందిన రోహన్ మోరేకు వచ్చింది అదే. కానీ అది ఏటా ఎంతమందికి వస్తుందో మీరే ఆలోచించండి.

ఇంకొకటి. "వరల్డ్ రికార్డ్" సర్టిఫికెట్ ఇస్తాం, ఫలానా ఫీజు కట్టండి అని ఫోన్లు వస్తాయి. మా బావమరిది కొడుకు స్కేటింగ్‌లో అట్లాంటిదే తెచ్చుకున్నాడు. పెద్ద ఫ్రేమ్, బంగారు రంగు అంచు. కోటా వెరిఫికేషన్‌లో క్లర్క్ దాన్ని తిప్పి చూసి, "బాగుంది, ఇంట్లో పెట్టుకోండి" అని చేతికిచ్చాడు.

ర్యాంకుల_రావు
నేను చెప్పిందే అందరూ వేరే మాటల్లో చెప్తున్నారు. చెన్నై పిల్లాడు కుట్రాలీశ్వరన్ గుర్తున్నాడా? 1994లో, పదమూడేళ్లు కూడా నిండకుండా, ఒకే ఏడాదిలో ఆరు జలసంధులు దాటి మిహిర్ సేన్ రికార్డు కొట్టాడు. అర్జున అవార్డు వచ్చింది. తర్వాత? స్పాన్సర్లు దొరకక ఈత వదిలి ఇంజినీరింగ్‌కు పోయాడు. అర్జున వచ్చినోడికే దిక్కు లేదు.

పాకాల_మొసలి
అంటే ఇంజినీరింగ్ సీటు వచ్చిందన్నట్టే కదా రావుగారూ. మీ బాధ ఏంది మరి?

బెస్తోళ్ల_బిడ్డ
మీరంతా ఒలింపిక్స్ మాట్లాడుతున్నారు. పిల్ల రేపు ప్రాక్టీస్ ఎక్కడ చేస్తది, అది చెప్పండి. మా తాత, నాయిన చెరువు మీదే బతికినోళ్లు. నాకు తెలిసింది రాస్తున్న.

అన్నిటికంటే ముందు: కాకతీయ కాల్వలో దిగనీయొద్దు. పొడుగ్గా, తిన్నగా, నీళ్లు తేటగా కనబడతయి, "స్విమ్మింగ్ పూల్ లెక్క ఉంది" అనిపిస్తది. పక్కలకు సిమెంట్ లైనింగ్, దాని మీద నాచు. దిగుడే గానీ ఎక్కుడు ఉండదు. ఎంత ఈత వచ్చినా పట్టుకోవడానికి ఏమీ దొరకదు, తూముల దగ్గర గుంజుతది. ఏటా ఎండాకాలం సెలవుల్లో ఎన్ని ప్రాణాలు పోతున్నయో మనం పేపర్లో చూస్తలేమా?

చెరువులో భయపడాల్సింది లోతుకు కాదు, వలకు. సాయంత్రం వల కడతరు, తెల్లారి తీస్తరు. ఖాళీ నీళ్ల సీసాలో, థర్మాకోల్ ముక్కలో వరసగా తేలుతుంటే కింద వల ఉన్నట్టు. నైలాన్ దారం నీళ్లల్ల కనబడదు. కాలికి చుట్టుకుంటే తన్నుకోవద్దు, తన్నుకుంటే ఇంకా బిగుస్తది. కాబట్టి చెరువు ఏదైనా సరే, ముందురోజు అక్కడి మత్స్య సంఘం వాళ్లను అడగండి. వల ఏ దిక్కు వేశారో వాళ్లకే తెలుసు. మా వాళ్లు పైసలు కూడా అడగరు, చాయ్ తాగిపిస్తే చాలు.

ఇంకో మాట: భద్రకాళి చెరువు పూడిక తీస్తామని ఖాళీ చేసినప్పటి సంది ఊళ్లె అందరూ "ధర్మసాగర్ పోదాం" అంటున్నరు. అది తాగునీళ్ల రిజర్వాయర్. అనుమతి అడగకుండా దిగి కేసు పెట్టించుకోవద్దు.

హనుమకొండ_నాన్న
ఇది ఎవరూ చెప్పలేదు. కోచ్ కూడా చెప్పలేదు. థాంక్స్ తమ్మీ. పోయిన వారమే మా పిల్ల కాల్వ గురించి అడిగింది.

బెస్తోళ్ల_బిడ్డ
తమ్మి కాదు, చెల్లె.

హనుమకొండ_నాన్న
తప్పయింది చెల్లే.

ఖని_అక్క
చెల్లె అన్నది విని నాకూ రాయాలనిపించింది. గోదావరిఖనిలో పెరిగాను, ఈతలో యూనివర్సిటీ దాకా పోయాను. ఆడపిల్ల బయటి నీళ్లలో ఈదితే వచ్చే అసలు కష్టం నీళ్లలో ఉండదు, గట్టు మీద ఉంటుంది. పూల్‌లో నలుగురు తెలిసినవాళ్లు ఉంటారు. చెరువు గట్టు మీద బండి ఆపి నిలబడి చూసేవాళ్లు, ఫోన్ తీసి వీడియో చేసేవాళ్లు. నేను పందొమ్మిదేళ్లకు బయటి ఈత మానేసింది భుజం నొప్పికి అని అందరికీ చెప్పాను. భుజం బాగానే ఉంది.

కాబట్టి: తెల్లారేసరికి నీళ్లలో ఉండండి. మోకాళ్ల దాకా వచ్చే సూట్ వేయండి, రేసుల్లో అది మామూలే. గట్టు మీద ఇంకో ఆడమనిషి, చేతిలో పెద్ద టవల్‌తో, పిల్ల బయటికొచ్చే చోటే నిలబడాలి. వాళ్లమ్మ అయితే ఇంకా మంచిది. క్యాలెండర్ తగిలించడం కంటే ఆ పని ఎక్కువ ఉపయోగం.

నెలసరి రోజుల్లో ఏం చేయాలో కోచ్‌తో మొహమాటం లేకుండా మాట్లాడగలగాలి. మాట్లాడలేకపోతే కోచ్‌ను మార్చండి.

పాకాల_మొసలి
నేను జోకులేస్తుంటే మీరందరూ సీరియస్‌గా మంచి విషయాలు చెప్తున్నారు. నేను కూడా ఒకటి చెప్తా. బయటి నీళ్లలో కింద నల్ల గీత ఉండదు, తిన్నగా పోవడం కష్టం. ఆరేడు బారలకోసారి తల కొంచెం లేపి గట్టు మీద గుర్తు చూసుకోవాలి. తల మొత్తం లేపితే కాళ్లు మునుగుతాయి. కళ్లు మాత్రమే నీటి పైకి రావాలి, ముక్కు వద్దు. ఎవరిలాగా? మా లాగా.

ఫిజియో_హంటర్‌రోడ్
భుజం ప్రస్తావన వచ్చింది కాబట్టి. నిమిషానికి 60 బారలు అనుకుందాం. పది గంటలకు 36,000. ఒక్కో చేతికి 18,000. అదే కీలు, అదే తిప్పుడు. పదహారేళ్ల పిల్లకు ఒక్కసారిగా దూరం రెట్టింపు చేస్తే ఆరు నెలల్లో నా దగ్గరికి వస్తుంది. వారానికి కొంచెం కొంచెం పెంచండి. రబ్బరు బ్యాండ్‌తో భుజం వెనక కండరాలకు పని చెప్పండి. ఇంటర్ పిల్లలు రోజంతా పుస్తకం మీద వంగి కూర్చుంటారు, సాయంత్రం అదే వంగిన భుజంతో ఈదుతారు. సగం నొప్పులు అక్కడివే.

ఎండాకాలం ఇంకో ప్రమాదం. మన చెరువుల పైనీళ్లు మే నెలలో వెచ్చగా కాగుతాయి. నీళ్లలో ఉన్నాం కదా, చెమట పట్టదు అనుకుంటారు. పడుతుంది, తెలియదంతే. 2010లో యూఏఈలోని ఫుజైరాలో 10 కిలోమీటర్ల ప్రపంచకప్ రేసులో ఫ్రాన్ క్రిపెన్ అనే అమెరికా ఈతగాడు వేడి నీళ్లలో ఈదుతూ చనిపోయాడు. పక్కవాళ్లు ఒడ్డుకు చేరాక గానీ మనిషి లేడని గమనించలేదు. ఆ తర్వాతే నీళ్లు 31 డిగ్రీలు దాటితే రేసు పెట్టకూడదన్న నియమం వచ్చింది. కింద హద్దు 16. అందుకే ఒక్క పిల్లను ఒంటరిగా దింపొద్దు. నడుముకు కట్టుకునే ఆరెంజ్ గాలిబుడ్డ, మెరిసే రంగు క్యాప్, పక్కన ఒక పడవ. ఈ మూడింట్లో ఏది లేకున్నా ఆ రోజు ప్రాక్టీస్ లేనట్టే.

హనుమకొండ_నాన్న
ఖర్చు గురించి ఎవరైనా చెప్తారా? ఇంగ్లిష్ చానల్‌ది కాదు, అది నా వల్ల కాదని తెలుసు. మొదటి మెట్టు ఎంతలో అయిపోతుంది?

డోవర్_తెలుగోడు
మాది హుజూరాబాద్, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఉంటున్నా. చానల్ సంగతి కూడా తెలిసి ఉంటే మంచిది, పిల్ల ఎలాగూ అడుగుతుంది. తిన్నగా అయితే దాదాపు 33 కిలోమీటర్లు. కానీ టైడ్ ఇటోసారి అటోసారి తోయడంతో ఈదిన దారి మ్యాప్‌లో పాము మెలికలా వస్తుంది. వేసవిలో కూడా నీళ్లు 15 నుంచి 18 డిగ్రీలు. వెట్‌సూట్ ఒప్పుకోరు, మామూలు సూట్, ఒక క్యాప్, కళ్లద్దాలు. పడవను ముట్టుకుంటే అంతే, లెక్కలోకి రాదు. తిండి కర్రకో తాడుకో కట్టి అందిస్తారు. ముందుగా 16 డిగ్రీల లోపు నీళ్లలో 6 గంటలు ఈది చూపించాలి. పడవవాడి స్లాట్ రెండు మూడేళ్ల ముందే బుక్ అయిపోతుంది, వాడి ఫీజే మూడు వేల పౌండ్లు దాటుతుంది. విమానం, వీసా, నెలరోజుల బస వేరే.

పాకాల_మొసలి
16 డిగ్రీలు అంటే మన దగ్గర నీళ్లు కాదన్నా, ఫ్రిజ్‌లో సీసా.

కాజీపేట_జంక్షన్
అదేం పెద్ద విషయం, జనవరిలో పొద్దున ఐదింటికి మా క్వార్టర్స్ ట్యాంకు నీళ్లు పోసుకో.

మానేరు_చేప
నాన్నగారూ, మొదటి మెట్టుకు అంత ఖర్చు కాదు. మహారాష్ట్రలో మాల్వణ్ దగ్గర చివ్లా బీచ్‌లో ఏటా సముద్ర ఈత పోటీలు పెడతారు. అర కిలోమీటర్ నుంచి మొదలు, వయసు వారీగా. పిల్లకు ఉప్పునీళ్లు, అలలు ఎలా ఉంటాయో అక్కడ తెలుస్తుంది. తర్వాత ముంబై గేట్‌వే వైపు ఈతలు. ఆ తర్వాతే ముర్షిదాబాద్.

ముర్షిదాబాద్ గురించి చెప్పాలి, నా ఎనిమిదేళ్లూ అక్కడికే పోయాయి. బెంగాల్‌లో భాగీరథి నది మీద జంగీపూర్ దగ్గర అహిరన్ ఘాట్ నుంచి బహరంపూర్ గోరాబజార్ ఘాట్ దాకా 81 కిలోమీటర్లు. ప్రపంచంలోనే పొడవైన ఈత పోటీ అంటారు. తెల్లవారుజామున మొదలు. వానాకాలపు నీళ్లు, చాయ్ రంగు. చెయ్యి ముందుకు చాపితే మోచేయి దాటి కనబడదు. పక్కన ఒక నాటుపడవ, అందులో మన హెల్పర్, ఒక అబ్జర్వర్.

మొదటి మూడు గంటలు నేను రాజును. వాలు తోస్తోంది, గట్టు మీద జనం శంఖాలు ఊదుతున్నారు, ఊరు ఊరంతా మెట్ల మీదే ఉంది. నాలుగో గంటలో చంకలు, మెడ ఒరుసుకుపోయి మంట మొదలైంది. వ్యాజ్‌లైన్ పొద్దున పూసింది ఎప్పుడో పోయింది. అరగంటకోసారి గ్లూకోజ్ నీళ్లు, అరటిపండు ముక్క. ఇంటి దగ్గర పెసర జావతో ప్రాక్టీస్ చేసినవాడిని, అక్కడ ఎవరో ఇచ్చిన విదేశీ పౌడర్ కలుపుకున్నాను. బలం ఎక్కువ వస్తుందని డబుల్ వేశాను. తప్పు పూర్తిగా నాదే. ఏడో గంటలో కడుపు తిరిగింది. వెల్లకిలా తేలుతూ వాంతి చేసుకున్నాను, మళ్లీ ఈదాను, మళ్లీ వాంతి. గుర్రపుడెక్క గుట్ట ఒకటి పక్క నుంచి కొట్టుకుపోతూ నన్ను దాటేసింది. ఆకుల ముద్ద నన్ను ఓవర్‌టేక్ చేసింది! జియాగంజ్ ఘాట్ కనబడుతుండగా, అరవై కిలోమీటర్ల దగ్గర, చెయ్యి ఎత్తి పడవ పట్టుకున్నాను. మా హెల్పర్, మా మేనమామే, ఒక్క మాట అనలేదు. సంచిలోంచి అమ్మ కట్టిచ్చిన సకినాలు తీసి తినడం మొదలుపెట్టాడు. ఆ కరకర చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది.

మరుసటి ఏడాది 19 కిలోమీటర్లదానికి పేరిచ్చాను. అది సరిగ్గా ఆ జియాగంజ్ ఘాట్ నుంచే మొదలవుతుంది. ఎడమకు ఊపిరి తీసుకున్నప్పుడల్లా హజార్‌దువారీ ప్యాలెస్ కనిపించింది. పూర్తి చేశాను. పతకం లేదు. ఇప్పుడు ఒక స్కూల్‌లో పీఈటీని, సెలవుల్లో పిల్లలకు ఈత నేర్పుతాను. నా కెరీర్ అది. మీరు అడిగారు కాబట్టి చెప్పాను, ఏదీ దాచలేదు.

మాజీ_బ్రెస్ట్‌స్ట్రోక్
మేనమామ సకినాలు. నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

ర్యాంకుల_రావు
పీఈటీ ఉద్యోగం మంచిదే. డీఎస్సీనా, ప్రైవేటా?

మానేరు_చేప
ప్రైవేటు సార్. మీకు ఆ జవాబు నచ్చుతుందని తెలుసు.

ఖని_అక్క
వయసు విషయం ఎవరూ ఎత్తలేదు. రేసుకు వయసు తక్కువ ఉండాలి, నిజం. దాటడానికి అట్లా లేదు. హైదరాబాద్‌లో ఉండే గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో, నలభై ఏడేళ్ల వయసులో, పాక్ జలసంధి 30 కిలోమీటర్లు 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. కాబట్టి పిల్ల చానల్ కలను ఇప్పుడే తేల్చేయాల్సిన పని లేదు. ఇంటర్, డిగ్రీ, ఉద్యోగం అన్నీ అయ్యాక కూడా ఆ నీళ్లు అక్కడే ఉంటాయి. ఆలస్యమైతే పోయేది రేసు. అందుకే రెండు మూడేళ్లు రేసు మీద పెట్టండి.

ర్యాంకుల_రావు
ఈ మాట బాగుంది. మరి మ్యాథ్స్?

హనుమకొండ_నాన్న
నేను నాన్నను కాదు, ఆ పిల్లనే. నాన్న ఫోన్ చార్జింగ్ పెట్టి షాపుకు పోయాడు. మొత్తం చదివాను.

రావు అంకుల్, మ్యాథ్స్ వన్ ఏలో 75కి 71.

మానేరు అన్నా, ఆ 12:20 లెక్క నేను పారిస్ రేసు అయిన రాత్రే వేసుకున్నాను. నాన్న ఇప్పుడు వేసుకున్నాడు. నాకు 1500లో ఎప్పుడూ ఒకటే జరుగుతుంది. 900 దాకా ఆరో ప్లేస్, 1200కు ఐదు, గోడ తగిలేసరికి నాలుగు. ముందున్నవాళ్లు ఆయాసపడుతూ లేన్ తాడు పట్టుకుని వేలాడుతుంటారు, నాకు అప్పుడే ఒళ్లు వేడెక్కి ఉంటుంది. ఒకసారి గంట కొట్టినా వినబడక ఇంకో 100 కొట్టాను, అందరూ నవ్వారు. ఆ 100 నా బెస్ట్. గోడ లేని చోట ఏమవుతుందో ఒక్కసారి చూడాలి. అంతే. సీన్ నది అడగలేదు.

మ్యాప్ మా అమ్మ క్యాలెండర్ కింద ఉందని అందరికీ చెప్పేశాడు కాబట్టి చెప్తున్నా: నెలాఖరున క్యాలెండర్ కాగితం చింపేటప్పుడు అమ్మ కూడా దాన్ని చూస్తుంది. నేను చూశాను.

పాకాల_మొసలి
71 అట రావుగారూ. ఉన్నారా?

ర్యాంకుల_రావు
ఉన్నా. మిగతా 4 ఎక్కడ పోయాయి?

మాజీ_బ్రెస్ట్‌స్ట్రోక్
ఈ పిల్ల పైకొస్తది.

బెస్తోళ్ల_బిడ్డ
చెల్లే, మా ఊరు ములుగు రోడ్డు మీదనే, హనుమకొండ నుంచి గంట లోపు. చెరువు పెద్దగ ఉంటది, సంఘం ప్రెసిడెంట్ మా పెదనాయిన. ఆదివారం వల వేయకుండ చెప్తా. మోటర్ పడవ లేదు గానీ థర్మాకోల్ తెప్ప ఉంది, మా తమ్ముడు పక్కపొంటి నూకుకుంట వస్తడు. తాడు, పొడుగు కర్ర, ట్యూబు ఉంటయి. మీ అమ్మను తీసుకరా.

హనుమకొండ_నాన్న
(ఇప్పుడు నాన్నే రాస్తున్నాను. పాస్‌వర్డ్ మార్చాను.)

మూడు వారాలైంది, చెప్పకపోతే బాగుండదు. నిన్న ఆదివారం మూడోసారి పోయాం. ఐదున్నరకు గట్టు మీద ఉన్నాం. మొదటి వారం పిల్ల నడుం లోతు దాకా పోయి ఆగిపోయింది. కాలికి మెత్తటి బురద తగిలిందట, ఏదో పాకినట్టు అయిందట. తొమ్మిదేళ్లు టైల్స్ మీద నిలబడ్డ పిల్ల కదా. పది నిమిషాలు అట్లాగే నిలబడింది. తెప్ప మీద పిల్లాడు "అక్కా, కాలు కింద పెట్టకపోతే బురదే ఉండది" అన్నాడు. అప్పుడు పడుకుంది నీళ్ల మీద.

మొదటి రోజు తిన్నగా పోలేదు. గట్టు మీద వేపచెట్టును గుర్తు పెట్టుకోమంటే తుమ్మచెట్టు దగ్గర తేలింది. తెప్ప పిల్లాడికి నవ్వాగలేదు. నిన్న మాత్రం గంటన్నర, ఎక్కడా ఆగలేదు. వేపచెట్టు దగ్గరికే వచ్చింది, మూడుసార్లు. నేను వాచీ చూడలేదు. ఫిజియో సార్ చెప్పినట్టు నీళ్ల వేడి కొలిచాను, 27 ఉంది. తిండి మానేరు_చేప చెప్పిన పెసర జావే. మోచేతి దగ్గర ఒరుసుకుంది, వ్యాజ్‌లైన్ తక్కువైంది.

వాళ్లమ్మ మొదటి వారం రాలేదు. రెండో వారం వచ్చి కారు దిగలేదు. నిన్న టవల్ పట్టుకుని నీళ్ల అంచున నిలబడింది, చెప్పులు తడిశాయి. మధ్యలో ఇద్దరు కుర్రాళ్లు బండి ఆపి ఫోన్ తీస్తే ఆమె వెళ్లి ఏమందో తెలియదు, వాళ్లు వెళ్లిపోయారు.

కోచ్‌తో మాట్లాడాను. పూల్ వారానికి ఆరు రోజులు అట్లాగే ఉంటుంది, 1500 వదలం. రిలే జట్టు ట్రయల్స్‌కు కూడా పేరిచ్చాం. డిసెంబర్‌లో మాల్వణ్ పోదామనుకుంటున్నాం. కాజీపేట నుంచి బండి ఉందా?

కాజీపేట_జంక్షన్
నేరుగా లేదు. కొంకణ్ లైన్‌లో కుడాళ్ దిగాలి, అక్కడి నుంచి బస్సో ఆటోనో. ముంబై వైపు పోయి మారడమే. డేట్ చెప్పండి, రిజర్వేషన్ తెరిచే రోజు గుర్తు చేస్తా. లోయర్ బెర్త్ పిల్లకు, అప్పర్ మీకు.

మానేరు_చేప
విదేశీ పౌడర్ ఎవరిచ్చినా కలపొద్దు.

బెస్తోళ్ల_బిడ్డ
అన్నా, నిన్న మా తెప్ప తాడు మీ కారు డిక్కీలో పోయింది. వచ్చే ఆదివారం తేవడం మర్చిపోకండి.